పేరు ఒకరిది... ఖర్చు మరొకరిది!

* నమ్మకం ఇద్దరిదైనా బాకీ సంతకం చేసిన వారిదే
* కార్డులు, ఉమ్మడి ఖాతాలు, సంఘం అప్పుల్లో కొరవడుతున్న లెక్క

కావలి: క్రెడిట్‌ కార్డు భర్త పేరిట ఉంటుంది. దాని పిన్‌ భార్యకు తెలుసు. పొదుపు సంఘంలో సభ్యత్వం భార్యది. అక్కడ తెచ్చిన అప్పు భర్త చేతికి వెళుతుంది. జీతం ఒకరి ఖాతాలో పడితే, ఆ ఖాతాతో ముడిపడిన ఫోన్‌ మరొకరి చేతిలో ఉంటుంది. సంసారం సాఫీగా సాగినన్నాళ్లు పేరు ఎవరిది, చెయ్యి ఎవరిది అన్న ప్రశ్నే తలెత్తదు. వాయిదా తప్పిన రోజున బ్యాంకు చూసేది మాత్రం కాగితం మీద ఉన్న పేరునే. ఆ సొమ్ముతో ఎవరు ఏం కొన్నారన్నది దానికి అనవసరం. నమ్మి ఇచ్చిన మనిషి, తీర్చవలసిన మనిషి ఒక్కరే అయినప్పుడు ఇంటి గుట్టు బయటపడుతుంది.

పోపుల డబ్బా నుంచి పొదుపు ఖాతాకు...

ఇంటి సొమ్ముపై ఇల్లాలి హక్కు గురించి నెల్లూరు జిల్లాకు కొత్తగా చెప్పవలసింది లేదు. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడింది ఇక్కడే. కూలి డబ్బు సారా దుకాణానికి కాక ఇంటికి చేరాలన్నదే ఆనాటి పోరాటం. ఆ ఊపులోనే పొదుపు ఉద్యమం ఊరూరా వేళ్లూనుకుంది. పోపుల డబ్బాలో దాచుకునే చిల్లర బ్యాంకు ఖాతాకెక్కింది. ఇంటి బయట అప్పు పుట్టే పరపతి ఆడవారి పేరుకు వచ్చింది.

అయితే పేరు మారినంత వేగంగా పెత్తనం మారలేదు. సంఘంలో తీర్మానం రాసి, బ్యాంకులో సంతకాలు చేసి తెచ్చిన సొమ్ము సాయంత్రానికి భర్త చేతికి చేరడం చాలా ఇళ్లలో మామూలే. బోరు, ఆటో మరమ్మతు, ఎరువుల దుకాణం బాకీ వంటి అవసరాలు నిజమైనవే కావచ్చు. కానీ ఆయన వాయిదా డబ్బు ఇవ్వని నెలలో సంఘం సమావేశంలో తలవంచుకుని కూర్చోవలసింది ఆమె. ఒక్కరి బకాయి మిగిలిన సభ్యుల కొత్త రుణానికి అడ్డు తగులుతుంది. భార్యాభర్తల మధ్య మాటగా ఉండవలసింది వీధిలో పది ఇళ్ల తగాదాగా మారుతుంది. మహిళల పేరిట సూక్ష్మరుణాలు ఒకదానిపై ఒకటి పేరుకుపోయి, వసూళ్ల వేధింపులు మితిమీరడంతో 2010 అక్టోబరులో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు ఎవరి పేరిట ఉందో వారే నలిగిపోతారన్న సంగతి అప్పుడే రుజువైంది.

కార్డు చేతులు మారితే...

ఉద్యోగుల ఇళ్లలో ఇదే కథ క్రెడిట్‌ కార్డు రూపంలో నడుస్తోంది. ప్రధాన కార్డుకు అనుబంధంగా జీవిత భాగస్వామికి మరో కార్డు ఇచ్చే సదుపాయం ఉంది. ఆ కార్డుపై గీకిన ప్రతి రూపాయికీ ప్రధాన కార్డుదారుడిదే బాధ్యత అని 2022లో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశాలు స్పష్టం చేస్తున్నాయి. పెళ్లికి ముందే ప్రేమతో కార్డు చేతికిచ్చిన యువకుడికైనా, యువతికైనా ఇదే నిబంధన వర్తిస్తుంది. విడిపోయినంత మాత్రాన బిల్లు సగం కాదు.

బిల్లులో కనిపించే 'కనీస చెల్లింపు' అసలు ఉచ్చు. ఉదాహరణకు కార్డుపై రూ.60 వేల బకాయి ఉందనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ.2,100. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.378. కనీస చెల్లింపు ఐదు శాతం లెక్కన రూ.3 వేలు కడితే అసలులో తగ్గేది కేవలం రూ.522. ఇంట్లో ఒకరు ఖర్చు పెడుతూ, మరొకరు బిల్లు చూడకుండా కనీస మొత్తమే కడుతూ పోతే ఏడాది గడిచినా అప్పు ఉన్నచోటనే ఉంటుంది. కార్డు వడ్డీ ఏటా 30 శాతం మించరాదంటూ 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్‌ విధించిన పరిమితిని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. కనుక కోర్టు గీసిన గీత కాపాడుతుందన్న భరోసా కూడా లేదు.

పిన్‌, ఓటీపీల సంగతి మరీ సున్నితం. ఖాతాదారు తనంతట తానే రహస్య సంఖ్యలు ఇతరులకు చెప్పి నష్టపోతే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా ఆయనే భరించాలని 2017 జులైలో రిజర్వు బ్యాంకు పేర్కొంది. 'ఇతరులు' అన్న మాటలో కట్టుకున్నవారికి మినహాయింపు లేదు.

ఉమ్మడి ఖాతా... ఒంటరి సంతకం

భార్యాభర్తల ఖాతాలు ఎక్కువగా 'ఇద్దరిలో ఎవరైనా లేదా జీవించి ఉన్నవారు' అనే పద్ధతిలో ఉంటాయి. ఆసుపత్రి ఖర్చు వంటి అత్యవసరాల్లో ఇది ఎంతో మేలు. అదే పద్ధతిలో ఒక్కరి సంతకంతోనే ఖాతా మొత్తం ఖాళీ కావచ్చు. అప్పుడు బ్యాంకును తప్పుపట్టే వీలుండదు. అనుమానం వచ్చిన వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేస్తే ఒంటరి లావాదేవీలు నిలిపి, ఇద్దరి సంతకాలపైనే సొమ్ము ఇస్తారు. అప్పటికే తీసిన డబ్బుకు మాత్రం ఈ లేఖ పనికిరాదు.

ఇంతకంటే బరువైనది రెండో సంతకం. భర్త ఇంటి రుణానికో, వ్యాపార రుణానికో భార్య 'ఊరికే ఒక సంతకం' పెడుతుంది. భార్య తీసుకున్న రుణానికి భర్త హామీ ఉంటాడు. అది ఊరికే పెట్టిన సంతకం కాదు. హామీదారు బాధ్యత రుణగ్రహీత బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షను చెబుతోంది. సహ రుణగ్రహీత అయితే బాకీ మొత్తం నేరుగా తనదే. వాయిదాలు తప్పితే ఇద్దరి రుణ చరిత్రా దెబ్బతింటుంది. విడాకుల తీర్పు భార్యాభర్తలను విడదీస్తుంది గానీ బ్యాంకు ఒప్పందాన్ని రద్దు చేయదు.

నగ ఎవరిది? రసీదు ఎవరిది?

పైరు పెట్టుబడికో, పిల్లల చదువుకో ముందుగా కదిలేది బంగారం. నగ భార్యది. తాకట్టు రసీదు భర్త పేరిట ఉంటుంది. గడువు దాటితే నోటీసు వచ్చేది ఆయనకే. వేలం జరిగిన తరువాత గానీ ఇల్లాలికి తెలియని సందర్భాలు ఉంటాయి. స్త్రీధనం భార్య సొంత ఆస్తి అని, భర్త చేతికి ఇచ్చినా అది ఉమ్మడి ఆస్తి కాబోదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. కష్టకాలంలో భర్త వాడుకోవచ్చు గానీ తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఆయనపై ఉంటుందని 2024 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టంచేసింది. తీర్పు అండగా ఉన్నా, ఏ నగ ఎప్పుడు ఇచ్చారో చూపే కాగితం లేకపోతే కోర్టులో నిరూపించడం కష్టం.

చట్టం ఇచ్చే అండ

సొమ్మును అడ్డుపెట్టుకుని వేధించడాన్ని 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 'ఆర్థిక హింస'గా గుర్తించింది. ఉమ్మడి ఖాతా, లాకరు, స్త్రీధనం జోలికి పోకుండా మేజిస్ట్రేటు ఆదేశాలు ఇవ్వవచ్చు. వివాహం తరహాలో కలిసి జీవించే బంధాలకూ ఈ చట్టం వర్తిస్తుంది. అది అలాంటి బంధమా కాదా అని తేల్చడానికి చూడవలసిన అంశాల్లో ఉమ్మడి బ్యాంకు ఖాతాను, డబ్బు పంచుకున్న తీరును 2013లో సుప్రీంకోర్టు ప్రస్తావించింది. బాధిత మహిళలు 181 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు. భాగస్వామి చేతిలో మోసపోయిన పురుషుడికి ఈ చట్టం వర్తించదు. ఆయన ఇతర సివిల్‌, క్రిమినల్‌ చట్టాలనే ఆశ్రయించాలి.

దాపరికమూ నష్టమే

ఇన్ని ప్రమాదాలున్నాయని ఎవరి ముడుపు వారు కట్టుకుని దాచుకోవడం పరిష్కారం కాదు. డిపాజిట్ల సంగతి ఇంట్లో చెప్పకుండానే కన్నుమూసినవారి కుటుంబాలు బ్యాంకుల చుట్టూ తిరగడం అందరూ ఎరిగినదే. పదేళ్లపాటు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి చేరిపోతాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో 'ఉద్గమ్‌' పేరిట ప్రత్యేక పోర్టల్‌ ప్రారంభించవలసి వచ్చిందంటే గుట్టు ఖరీదు ఎంతో అర్థమవుతుంది. సమాచారం ఇద్దరికీ తెలియాలి. అధికారానికి మాత్రం హద్దు ఉండాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే చిక్కులు వస్తున్నాయి.

పాటించవలసినవి

* ఇంటి ఖర్చులకు ఉమ్మడి ఖాతా ఒకటి, ఎవరికి వారు సొంత ఖాతా ఒకటి ఉంచుకోవడం మేలు. ఉమ్మడి ఖాతాలో నెలకు సరిపడా సొమ్మే ఉండాలి.

* యూపీఐ పిన్‌ చెప్పే బదులు 2024లో వచ్చిన 'యూపీఐ సర్కిల్‌' వాడుకోవచ్చు. భాగస్వామి ఖర్చుకు నెలకు గరిష్ఠంగా రూ.15 వేలు, ఒక్కోసారి రూ.5 వేల వరకు హద్దు పెట్టవచ్చు.

* అనుబంధ కార్డు ఇస్తే దానికి విడిగా పరిమితి పెట్టించాలి. ప్రతి ఖర్చుకూ సందేశం ప్రధాన కార్డుదారుడి ఫోన్‌కు రావాలి. కార్డు వద్దనుకుంటే, బకాయి లేనిపక్షంలో ఏడు పనిదినాల్లో మూసివేయవలసిన బాధ్యత బ్యాంకుదే.

* రుణ చరిత్ర నివేదికను ఏడాదికి ఒకసారి ఉచితంగా పొందవచ్చు. తనకు తెలియని అప్పు తన పేరిట ఉందేమో అందులో తేలిపోతుంది.

* నగలు తాకట్టు పెడితే రసీదు నగ యజమాని పేరిటే ఉండాలి. సంఘం అప్పు భర్తకిస్తే తేదీ, మొత్తం పుస్తకంలో రాసుకుని ఇద్దరూ సంతకం చేయాలి.

లెక్క అడిగితే అనుమానించినట్లేనని నొచ్చుకునే ఇళ్లు ఉన్నాయి. సంఘం సమావేశంలో ప్రతి రూపాయినీ పుస్తకంలో రాసి అందరి ముందూ చదివే మహిళలు ఒకరినొకరు అనుమానించడం లేదు. ఆ పుస్తకం వల్లనే సంఘాలు ఏళ్ల తరబడి నిలబడ్డాయి. అదే అలవాటు వంటింటి గడప లోపలికీ రావాలి. నెలకోసారి ఇద్దరూ కూర్చుని బిల్లు, పాసుపుస్తకం చూసుకునే ఇంట్లో నమ్మకం పోదు. చూసుకోని ఇంట్లో అది ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.