కొలిచే ప్రమాదం, కొలవని ప్రమాదం

గత సంవత్సరం మన కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించిన ఒక విద్యార్థినికి ఎక్స్‌రే టెక్నీషియన్ శిక్షణలో ప్రవేశం లభించినది. "ఆ కిరణాల మధ్య పనిచేసే పిల్లను రేపు ఎవరు చేసుకుంటారు సార్?" అని ఆమె తండ్రి నా వద్ద వాపోయినాడు. ఆయన వచ్చినది స్కూటరు మీద. వెనుక కూర్చున్నది ఆ పిల్లయే. ఇద్దరికీ హెల్మెట్ లేదు.

నేను తెలుగు బోధించువాడనే గాని భౌతికశాస్త్రజ్ఞుడను కాను. అయినను ఆ దృశ్యం నాచేత నాలుగు పుస్తకాలు తిరగవేయించినది.

రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్టులలో కొలుస్తారు. నేలనుండి, ఆకాశంనుండి, పీల్చే గాలినుండి, తినే తిండినుండి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు ఎట్లాగూ అందుతూనే ఉంటవి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్న రోగికి చేరేది అందులో ఇరవయ్యో వంతు కూడ కాదు. ఈ వృత్తిలోనివారికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోను 30 దాటరాదని మన దేశంలో నియమం. తెరచాటున నిలిచి పనిచేసేవారికి సాధారణంగా అందేది ఆ హద్దులో స్వల్పభాగమే. స్విచ్చి ఆపితే దీపపు వెలుగువలె ఎక్స్‌రే కూడ ఆగిపోవును. గదిలో గాని దేహంలో గాని నిలువ ఉండదు. ఈ ఒక్క ముక్క తెలియకనే సగం భయం! కేరళలోని కరునాగపల్లి తీరాన, ఇసుకలోని థోరియం మూలాన, సహజ రేడియేషనే ఎంతో అధికం. అక్కడ తరతరాలుగా జనం కాపురాలు చేస్తున్నారు. 2009లో ప్రచురితమైన దీర్ఘకాల పరిశీలనలో అందువలన క్యాన్సరు హెచ్చినట్లు కనబడలేదు.

మరి మన రహదారులు? 2022 ఒక్క సంవత్సరంలోనే వాటిపై 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. రాయి కొట్టే కూలీ ఊపిరితిత్తులలో చేరే సిలికా ధూళికి వెరచి పెళ్ళిసంబంధం వదులుకున్నవారిని నేను చూడలేదు.

అయితే ఈ పోలికను యజమాని చేతికి ఆయుధంగా ఇవ్వరాదు. రోడ్డుకంటె నయమే గదా అని పనివాని నోరు మూయించుట అన్యాయం. 2010లో ఢిల్లీ మాయాపురిలో పాత ఇనుముగా అమ్ముడైన ఒక ప్రయోగశాల యంత్రంలోని కోబాల్ట్-60 వలన ఒకరు మరణించినారు. మరికొందరు ఆసుపత్రుల పాలైనారు. తాము విప్పుతున్నదేమిటో వారికి ఎవరూ చెప్పలేదు.

కనుక ఆ తండ్రితో నేనన్నది ఇది: ఉద్యోగమిచ్చే ఆసుపత్రి మోతాదును కొలిచే టి.ఎల్.డి. బ్యాడ్జి ఇస్తుందా, మూడు నెలలకొకసారి వచ్చే ఆ లెక్క అమ్మాయికి చూపుతుందా అని అడగండి. ఇవ్వకపోతే చేర్చవద్దు. కమిటీ పెద్దలు ఇటువంటి వృత్తులను గూర్చి ఉర్దూ, తెలుగు రెంటిలోను ఒక సభ ఏర్పాటు చేసి తల్లిదండ్రులను కూడ పిలిచిన బాగుండును.

ఆ అమ్మాయి శిక్షణలో చేరినది. తండ్రి హెల్మెట్ కొన్నాడు, ఒకటి.