నవ్వునకు పొలిమేర గలదా?

డెన్మార్కు చిన్న దేశము. ఆ దేశపు భాష మాట్లాడువారు మన తెలుగువారిలో పదియవ వంతైనను ఉండరు. అట్టి దేశమున 1968లో ఎరిక్ బాలింగ్ అను దర్శకుడు ‘ఓల్సెన్ ముఠా’ అను హాస్యసాహస చలనచిత్రమును తీసెను. కథారచనలో హెన్నింగ్ బాస్ ఆయనకు తోడు. అంతకు మూడేండ్ల ముందే, 1965లో, వీరు జేమ్స్ బాండు వంటి గూఢచారి కథలను వెక్కిరించుచు నొక చిత్రము తీసియుండిరి. ఓల్సెన్ ముఠా కథలు 1981 నాటికి 13 చిత్రములైనవి. 1998లో 14వది వెలువడినది. ఈ చిత్రముల గుణదోషములను గూర్చి గాక, వీనిని చూచి నవ్వినవారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మా సంకల్పము.

కథ దాదాపు ప్రతి చిత్రమునను ఒక్కటే. టోపీయు, చుట్టయు గల ఎగాన్ ఓల్సెన్ చెరసాల నుండి వెలుపలికి వచ్చును. బెన్నీ, కెల్ అను మిత్రులిద్దరు ఎదురుచూచుచుందురు. ‘నా యొద్ద నొక పథకము కలదు’ అని ఎగాన్ ప్రకటించును. నిమిషము కాదు, క్షణము కూడ తప్పని పథకమది. ఇనుప పెట్టె తెరచుకొనును, ధనము చేత బడును. చిట్టచివర నేదో యొక చిన్న పొరపాటు. ఎగాన్ మరల చెరసాలకు.

తెలిసిన కథను మరల మరల చెప్పుట రచయిత దారిద్ర్యమని నేను తరగతిలో చాలకాలము బోధించితిని. ఆ మాట నిప్పుడు ఉపసంహరించుకొనుచున్నాను. సత్యభామ జడ విసరునని తెలిసియే గదా మన పెద్దలు భామాకలాపమునకు తెల్లవార్లు కూర్చుండిరి! ఏమి జరుగునన్నది తెలిసినవానికే ఎట్లు జరుగునన్న దానిపై దృష్టి నిలుచును.

డెన్మార్కునకు పొరుగున నున్నది నార్వే. రెండు భాషలును అక్కచెల్లెండ్రు; ఒకరి వ్రాత నొకరు సులభముగ చదువగలరు. అయినను నార్వేవారు డేనిష్ చిత్రములతో తృప్తి చెందక, 1969 నుండి అవే కథలను తమ నటులతో, తమ వీధులలో మరల తీసికొనిరి. అచ్చట ఎగాన్ వేషము ధరించినవాడు ఆర్వె ఓప్సాల్. స్వీడన్‌వారు 1981లో నాయకుని పేరు సైతము మార్చి తమ వానిగ జేసికొనిరి. దగ్గరి చుట్టమింట వండిన కూరయే యైనను మన పోపు మనకు కావలె ననుట వంటిదిది.

తూర్పు జర్మనీలో జరిగినది దీనికి విరుద్ధము. అచ్చటివారు చిత్రములను ఉన్నవి ఉన్నట్లే తెచ్చుకొని గొంతులు మాత్రము మార్చుకొనిరి. వానిని తమ సొంత చిత్రములవలె ప్రేమించిరి. పశ్చిమ జర్మనీలో ఆ ఆదరణ లభింపలేదు. భాష ఒక్కటే, చిత్రమొక్కటే. నవ్వు మాత్రము సరిహద్దు గోడ కావల ఆగిపోయినది. ఏల?

నాకు తోచిన సమాధాన మిది. ప్రణాళిక యను మాట తూర్పు జర్మనీలో ప్రతి కర్మాగారమునను ప్రతిదినము వినబడునది. సర్వమును ముందే లెక్కించిన ఘనమైన ప్రణాళిక, ఒక మేకు దొరకక కూలిపోవుట ఆ ప్రజల కనుభవైకవేద్యము. వస్తువుల కొరత గలచోట చేతికందిన దానితో పని గడుపుకొనుట నిత్యకృత్యము. ఎగాన్ చేయునదియు అదియే గదా. పాలకులకు ఈ చిత్రములలో ధనస్వామ్యముపై విసురు కనబడియుండును. ప్రేక్షకులకు తమ సంగతియే కనబడియుండును. 1990లో ఆ రాజ్యమే లేకుండ పోయినది. ఆ నవ్వు మాత్రము మిగిలినది.

తరగతిలో పిల్లవాడు నవ్వినచో ‘ఎందుకు నవ్వెదవు?’ అని గద్దించుదుము. ‘ఏది చూచి నవ్వితివి?’ అని నిజముగ తెలిసికొనగోరి అడిగిన ఉపాధ్యాయు లెందరు? వాని ఇల్లు, వాని వీధి, వాని ఆకలి ఆ సమాధానములో నుండును.

అనువాదము చేయువారు గమనింపదగిన ముచ్చట యొకటి. ఎగాన్ పథకము వినగానే బెన్నీ ఆనందముతో నొక మాట యనును. డేనిష్ భాషలో అది అశుద్ధమును ఉపసర్గగ జేసి మెచ్చుకొనెడు మోటు ప్రశంస. జర్మను అనువాదకుడు దానిని వదలి, ‘బలమైనది’ ‘ప్రచండమైనది’ అను రెండు గంభీర పదములను ప్రక్క ప్రక్కన నుంచెను. మోటుదనము పోయినది, ఆర్భాటము వచ్చినది. ఆ జంట పదమే జర్మనీలో జనుల నోళ్ళలో నానినది. పదమునకు పదము వేసియుండినచో ఇది జరిగెడిది కాదు.

1976 నాటి చిత్రములో, కోపెన్‌హాగెన్‌లోని రాజ నాటకశాల యందు జరుగు ఘట్టము అన్నిటికంటె ప్రసిద్ధము. రంగము ముందు వాద్యబృందము ‘ఎల్వర్‌హాయ్’ అను నాటకపు ప్రారంభ సంగీతమును వాయించుచుండును. హైబెర్గ్ రచించి, కూలావ్ సంగీతము కూర్చిన ఆ నాటకము 1828 నాటిది. డేనులకు జాతీయ నాటకము. తెర వెనుకను, నేల క్రిందను ముగ్గురు దొంగలు గోడలు పగులగొట్టుచు ముందునకు సాగుచుందురు. తాళము మ్రోగినపుడే సుత్తి పడవలెను, భేరి మ్రోగినపుడే మందు పేలవలెను. సభలోనివారికి ఏమియు తెలియదు. ఆ సంగీతములో డెన్మార్కు రాజగీతపు స్వరము కూడ కలదు. డేను ఆ స్వరమును విని, తన బాల్యములో పాఠశాల నేర్పిన గౌరవమంతయు గోడతోపాటు కంపించుట చూచి నవ్వును. ఆ స్వర మెవరిదో తెలియని జర్మను, చప్పుడు వినబడకుండ పని గడుపుకొను నేర్పు చూచి నవ్వును. ఇరువురును ఒక్క క్షణముననే నవ్వుదురు.

ఎగాన్ వేషము ధరించిన ఓవ స్ప్రోగో, బెన్నీగ నటించిన మోర్టెన్ గ్రున్‌వాల్ 1998లో ముసలివారై మరల తెరపైకి వచ్చిరి. కెల్ వేషధారి పౌల్ బుండ్‌గార్ ఆ చిత్రము పూర్తి కాకమునుపే కన్నుమూసెను. మిగిలిన దృశ్యములకు మరియొక నటుని నిలుపవలసివచ్చినది. కెల్ భార్య ఇవాన్‌గ నటించిన కిర్‌స్టెన్ వాల్తెర్ 1987లోనే మరణించియుండెను. ఇవన్నియు తెలిసియే జనులు నాటకశాలలకు వెళ్ళిరి. టోపీ, చుట్ట కనబడెను.