పాలలో నీళ్లు, బోధలో రాజీ

ఐదు రొట్టెలు, రెండు చేపలతో వేలమంది కడుపు నింపిన మర్నాడు యేసుప్రభువు కోసం జనం మళ్లీ బయలుదేరారు. దోనెలెక్కి సముద్రం దాటి మరీ వెతుక్కుంటూ వచ్చారు. నేటి లెక్కల్లో అది గొప్ప 'సక్సెస్‌'! కాని ఆ జనసమూహాన్ని చూసి ప్రభువు మురిసిపోలేదు. వాళ్లొచ్చింది రొట్టెల కోసమేనని వాళ్ల ముఖానే చెప్పాడు (యోహాను 6:26). జీవాహారాన్ని గురించి ఆయన చేసిన బోధ వారికి కఠినంగా తోచింది. శిష్యుల్లోనే అనేకులు వెనుదిరిగారు. వారిని ఆపడానికి ప్రభువు ఒక్క మాటైనా మెత్తబరచలేదు. పైగా, మీరూ వెళ్తారా అని మిగిలిన పన్నెండుమందినీ అడిగాడు!

జనం తగ్గిపోతున్నా సత్యాన్ని తగ్గించని బోధకుడాయన. మరి ఆయన పేరిట నేడు మన ప్రసంగ వేదికలమీద ఏం జరుగుతోంది? పాపం, పశ్చాత్తాపం, సిలువ, పరిశుద్ధత అనే మాటలు క్రమంగా వెనక్కి పోయాయి. ఆశీర్వాదం, అభివృద్ధి, వీసా, ఇల్లు, ప్రమోషన్‌ ముందుకొచ్చాయి. దేవుణ్ణి ఇవన్నీ అడగడం తప్పు కాదు. అనుదినాహారం కోసం ప్రార్థించమని ప్రభువే నేర్పాడు. అయితే ఇవే సువార్త అని చెప్పడం పాలలో నీళ్లు కలపడం లాంటిది. నీళ్లపాలు తాగిన బిడ్డకు కడుపు నిండినట్టే ఉంటుంది గాని ఒంటికి పట్టదు. నిర్మలమైన వాక్యమనే పాలను ఆశించమని పేతురు రాసింది ఇందుకే (1 పేతురు 2:2).

మన ఇళ్లలో క్యాలెండర్లమీద కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవని చెప్పే అమూల్యమైన వాగ్దానమది. కాని దానికి ముందున్న వచనం ఎంతమందిమి చదివాం? బబులోను చెరలో 70 ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని దేవుడు అందులో చెప్పాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది చెరలోనే కన్నుమూయాలి! పదో వచనాన్ని దాచిపెట్టి పదకొండో వచనాన్ని మాత్రమే పంచిపెడితే అది వాగ్దానాన్ని ప్రకటించడం కాదు, పలచన చేయడం.

ఈ పలచని బోధకు మూల్యం చెల్లించేది ఎవరు? స్వస్థత రాకపోవడానికి నీ అవిశ్వాసమే కారణమన్న మాట విని, జబ్బుతోపాటు నేరభావాన్నీ మోసే రోగి. కానుక రెట్టింపై తిరిగొస్తుందని నమ్మి అప్పుచేసి ఇచ్చిన కూలి తల్లి. ఆశించింది దొరకనప్పుడు వాళ్లు బోధకుణ్ణి వదలరు, దేవుణ్ణే వదిలేస్తారు. అదీ అసలు విషాదం! దేవుడు స్వస్థపరుస్తాడు, సందేహం లేదు. కాని అదే పౌలు రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతికి తరచుగా వచ్చే జబ్బులుండేవి. వాళ్లది విశ్వాసం కాదందామా?

మన తెలుగు నేలమీదే దీనికి జవాబుంది. 1876-78 నాటి ఘోరమైన కరువులో, ఒంగోలులో సేవ చేస్తున్న అమెరికన్‌ బాప్తిస్టు మిషనరీ జాన్‌ క్లౌ బకింగ్‌హామ్‌ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న పేదలకు పని కల్పించాడు. చేరుతామని వందలాదిగా ముందుకొచ్చినా, సహాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూటికోసం క్రీస్తు దగ్గరికి రాకూడదన్నది ఆయన పట్టుదల. అన్నం ఆపలేదు, అన్నంతో విశ్వాసాన్ని కొనలేదు! ఇక పంచడానికేమీ లేదన్నాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు సమాజం దూరంగా ఉంచిన మాదిగలు. సువార్తకు ఎర అక్కరలేదని ఆ నది సాక్ష్యం చెబుతోంది.

మరి మనమేం చేయాలి? బోధకులను దూషిస్తూ తిరగడం మన పని కాదు. ప్రేమలేని సత్యం కూడా కల్తీయే. దురద చెవులు గలవారు తమకు అనుకూలమైన బోధకులను పోగుచేసుకుంటారని పౌలు హెచ్చరించాడు (2 తిమోతి 4:3). అంటే తప్పు వేదికమీదే కాదు, వినే చెవుల్లోనూ ఉంది. మనం కోరుకున్నదే మనకు వడ్డిస్తున్నారు! బెరయవారు పౌలు బోధనే ప్రతిదినం లేఖనాలతో సరిచూశారు. అందుకు వారిని లేఖనం తప్పుబట్టలేదు, ఘనులని మెచ్చుకుంది (అపొ.కా. 17:11). అపొస్తలుడికే తప్పని పరీక్ష నేటి ప్రసంగీకులకు అవమానమెలా అవుతుంది?

ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికొచ్చాక ఆ రోజు విన్న వాక్యభాగాన్ని కుటుంబమంతా కూర్చుని, పైనా కిందా వచనాలతో కలిపి చదువుదాం. మన పాపాన్ని చూపించి, సిలువ దగ్గరికి నడిపించిన ప్రసంగం మనకు చేదుగా తోచినా, ఆ దైవసేవకుణ్ణి కలిసి కృతజ్ఞత చెబుదాం. నిజం చెప్పే బోధకుడు బతకాలంటే నిజం వినే సంఘముండాలి.