దిగిన చోటు వెతికేవారు

బెలూను పైకి లేచేటప్పుడు చూడడానికి జనానికి కొదువ ఉండదు. అది ఎక్కడ పడిందో వెతకడానికి వచ్చేవారే అరుదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఈ రెండవ పనికే తమ సెలవు దినాలను ధారపోసేవారు కొందరున్నారు. డెన్వర్ నగరం కేంద్రంగా ‘ఎడ్జ్ ఆఫ్ స్పేస్ సైన్సెస్’ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల తొలినాళ్ల నుంచి బెలూన్లను ఎగురవేస్తూ వచ్చింది. వాటికి వేలాడే పెట్టెలలో ఉండేవి చాలావరకు విద్యార్థులు తమ చేతులతో కూర్చిన పరికరాలు. వాటిని వెదకి తెచ్చే బాధ్యత హామ్ రేడియో అభిరుచి గలవారిది. ఇందుకు జీతబత్తెములు ఏమీ లేవు.

పడిన పెట్టె కోసం ఇంత ఆరాటమెందుకని పాఠకులు అడగవచ్చు. రేడియో లేని రోజులలో ఆ పెట్టే సర్వస్వం. 1892–93 ప్రాంతంలో పారిస్‌లో ఎర్మిత్, బెజాన్సోన్ అనే ఇద్దరు మనుష్యులు ఎక్కని బెలూన్లకు కొలత పరికరాలు కట్టి వదిలారు. తరువాత తెసరాంక్ ద బోర్ అదే పనిని ఏళ్ల తరబడి సాగించాడు. ఉష్ణోగ్రత, పీడనం పరికరంలోనే గీతలుగా నమోదయ్యేవి. పెట్టె ఏ రైతు కంటనైనా పడి తిరిగి వస్తేనే ఆ గీతలకు అర్థం. లేకుంటే ఆ ప్రయాణం జరగనట్టే లెక్క. సుమారు 11 కిలోమీటర్ల ఎత్తు దాటాక చలి పెరగడం ఆగిపోతుందని 1902లో ఆయన ప్రకటించగలిగాడంటే, ఆ కీర్తిలో పేరు తెలియని పల్లెవాసులకూ వాటా ఉన్నది. మన ఆగ్రా నుంచి వాతావరణ శాఖ వదిలిన బెలూన్ల కథా ఇటువంటిదే.

నేడు కొలతలు రేడియో ద్వారా అప్పటికప్పుడే చేరుతున్నాయి. అయినా ఫొటోలు, మట్టి నమూనాలు, విత్తనాలు, ఆరు నెలలు శ్రమించి అతికించిన సర్క్యూటు పలక రేడియోలో దిగిరావు గదా!

దళంలో చేరదలచినవారికి మొదటి మెట్టు రేడియో లైసెన్సు. అమెరికాలో తొలి తరగతి పరీక్షకు 35 ప్రశ్నలు. 26 సరిగా వ్రాస్తే చాలు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ విభాగం ఈ పరీక్ష నిర్వహిస్తుంది. పరీక్ష నెగ్గినంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. కొత్తవాడిని మొదట జీపు వెనుక సీటులో, ఒడిలో పటం పెట్టి కూర్చోబెడతారు. అతడికి అది కొంత చిన్నతనంగా తోచవచ్చు. కాని దళమంతటికీ కళ్లు ఆ పటమే.

నేల మీద సుమారు రెండు మీటర్ల వెడల్పుండే రబ్బరు బెలూను నిమిషానికి 300 మీటర్ల చొప్పున లేచి, గంటన్నర దాటేసరికి 30 కిలోమీటర్ల ఎత్తు చేరుతుంది. అక్కడి గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో నూరవ వంతు మాత్రమే. బెలూను ఉబ్బి ఉబ్బి ఒక ఇల్లంత అయి పగిలిపోతుంది. పెట్టె పారాచూటుతో కిందికి బయలుదేరుతుంది. అంత ఎత్తున ఉన్నప్పుడు దాని రేడియో పలుకు 600 కిలోమీటర్ల దూరానికి కూడా వినబడగలదు. అదే పెట్టె ఒక పల్లపు వాగులో పడిందా, రెండు కిలోమీటర్ల దూరాన నిలిచినవాడికి కూడా వినబడకపోవచ్చు. ఈ పనిలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది. దూరాన ఉన్నవారికి చివరిసారి స్థానం తెలిసేది పెట్టె ఇంకా గాలిలో ఉండగానే. అది నేలకు 500 మీటర్ల పైన ఉండగా మాట ఆగిపోతే, మిగిలిన నూరు సెకన్లలో గాలి దానిని ఏ కిలోమీటరు అవతలికైనా నెట్టివేయవచ్చు. కాబట్టి పడ్డాక పరుగెత్తడం కాక, పడకముందే దాని కిందికి చేరుకోవాలి. పై గాలుల వేగాన్ని బట్టి ఉదయమే ఒక చోటు ఊహిస్తారు. బండ్లను దాని చుట్టూ నిలుపుతారు. బెలూను పగలగానే లెక్క తిరిగి వేస్తారు. ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పే పరికరాలలో కొన్ని 18 కిలోమీటర్లు దాటితే మూగబోయేటట్టు తయారైనవి. అది తెలియక అమర్చిన విద్యార్థులకు ఆ మౌనం గుండె ఆగినంత పని చేస్తుంది.

అటువంటప్పుడు పాత విద్యే గతి. రెండు బండ్లు వేర్వేరు చోట్ల నిలిచి, ఆంటెనాను తిప్పి శబ్దం బలంగా ఉన్న దిశను గుర్తిస్తాయి. పటం మీద రెండు గీతలు కలిసిన చోట వెతుకులాట మొదలు. ఆంటెనా లేకున్నా ఉపాయం కద్దు: చేతి రేడియోను రొమ్ముకు ఆనించుకుని నిలిచినచోటే చుట్టూ తిరగాలి. శబ్దం అత్యంత సన్నగిల్లినప్పుడు పెట్టె వీపు వెనుక ఉన్నదన్నమాట. శబ్దం మరీ బలమైతే ఆంటెనా పీకివేసి వెతుకుతారు.

రాకెట్ల సంగతి వేరు. 2004 మే 17న నెవాడా ఎడారి నుంచి అభిరుచిపరుల రాకెట్టు తొలిసారి నూరు కిలోమీటర్ల హద్దు దాటింది. పడిన రాకెట్టులో పారాచూటును విప్పే మందు పేలకుండా మిగిలి ఉండవచ్చు. అందుచేత కొత్తవారిని దగ్గరికి పోనివ్వరు.

వెతుకులాటకు మర్యాదలున్నాయి. పొలం యజమానిని అడగనిదే కంచె దాటరాదు. మూసి ఉన్న గేటును మూసే రావాలి. పెట్టె కరెంటు తీగల మీద చిక్కితే, ఎవరి ఏడాది శ్రమ అందులో ఉన్నా సరే, దానిని ముట్టరాదు. పిల్లలు పక్కన నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటున్నప్పుడు ఈ నియమం పాటించడం సులభమేమీ కాదు.

హైదరాబాదు పాఠకులకు ఇది మరీ పరాయి విషయం కాదు. టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి భారీ బెలూన్లు దశాబ్దాలుగా ఇక్కడి నుంచే లేస్తున్నాయి. అవి అభిరుచిపరులవి కావు, నిపుణులవి. అయినా 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో వింత గోళమొకటి దిగినప్పుడు ముందుగా చుట్టూ మూగినది పల్లెవాసులే. అంతరిక్ష నౌకేమోనని కొందరు భయపడ్డారు కూడ. ఒక స్పెయిన్ సంస్థ ప్రయోగం కోసం ఇక్కడి నుంచి ఎగురవేసినదని తరువాత తెలిసింది.

కొలరాడో మైదానంలో గోధుమ మోళ్ల మధ్య పెట్టె కనిపించినప్పుడు కొత్తవాడు సంతోషంతో దానిని చేతికెత్తుకోబోతాడు. పెద్దవారు వారిస్తారు. ముందు వేళ, స్థానం వ్రాసుకోవాలి. పడినది పడినట్టే ఫొటో తీయాలి. ఆ తరువాత రేడియో మీట నొక్కి ఆపాలి. లేకుంటే తక్కిన బండ్లు అంతదాకా దాని కూత వెంటనే తిరుగుతూ ఉంటాయి.