తేదీ ఎందుకు తప్పింది?

పిల్లలూ! పల్నాడు జిల్లా ఎప్పుడు పుట్టిందో మీకు తెలుసా? 2022 ఏప్రిల్ 4వ తేదీన. గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట ముఖ్యపట్టణంగా అది ఏర్పడింది. ఆ తేదీని బడిలో మనం 04-04-2022 అని రాస్తాం. ఇంట్లో తాతగారు పంచాంగం తీసి, "శుభకృత్ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ తదియ, సోమవారం" అంటారు. రోజు ఒకటే; చదివేవారిని బట్టి రాత మారింది.

మరి కంప్యూటర్ ఏమని రాసుకుంటుంది? గడియారాలన్నీ సరిపోల్చుకోవటానికి ప్రపంచ ప్రమాణ కాలమని ఒకటున్నది. ఆ కాలం ప్రకారం 1970 జనవరి 1వ తేదీ మొదలయిన క్షణం నుంచి చాలా కంప్యూటర్లు సెకన్లు లెక్కపెడుతూ పోతాయి. మన గడియారాలలో 2022 ఏప్రిల్ 4 మొదలయిన క్షణానికి ఆ లెక్క 1,64,90,10,600! ఈ అంకెను బడి గోడకు అంటిస్తే ఎవరికి అర్థమవుతుంది? అందుచేత దాన్ని మనుషులు చదివే తేదీగా మార్చాలి.

మీరు సెల్‌ఫోనులో పరీక్షాఫలితాలు చూస్తారు గదా! ఆ పుట ఎక్కడో దూరాన ఉన్న మరొక కంప్యూటరులో తయారవుతుంది. దాన్ని సర్వర్ అంటారు. సర్వర్‌కు పని చెప్పే భాషలలో పీహెచ్‌పీ ఒకటి. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన దాన్ని లోకానికి అందించాడు.

ఈ భాషలో "డేట్" అనే ఆజ్ఞ ఉన్నది. తేదీ ఏ రూపంలో కావాలో దానికి ఇంగ్లీషు అక్షరాలతో చెప్పాలి. చిన్న "డి" అంటే రోజు. చిన్న "ఎమ్" అంటే నెల. పెద్ద "వై" అంటే నాలుగంకెల సంవత్సరం. చిన్న "వై" పెడితే 22 అని రెండంకెలే వస్తాయి. పెద్ద "హెచ్" అంటే 24 గంటల లెక్కలో గంట. మరి నిమిషానికి? "ఎమ్" అనుకుంటున్నారా? అది నెలకు పోయింది! నిమిషానికి చిన్న "ఐ" వాడాలి. ఈ సంగతి మరిచారో, ఏప్రిల్ నెలలో 10:45 అని రావలసిన చోట 10:04 అని వస్తుంది.

గీతలలో కూడా తిరకాసు ఉన్నది. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడింది. దాన్ని మనం 1/11/1956 అని రాస్తే, నెలను ముందు రాసే అమెరికావారు జనవరి 11 అని చదువుతారు. తేదీ చదవమంటే పీహెచ్‌పీ కూడా అంతే! ఏటవాలు గీత కనిపిస్తే అమెరికా పద్ధతి, 1-11-1956 అని అడ్డగీత కనిపిస్తే మన పద్ధతి. గీత ఒక్కటి మారితే దాదాపు పది నెలలు తేడా!

ఇంతకన్న పెద్ద చిక్కు మరొకటున్నది. మన కాలం ప్రపంచ ప్రమాణ కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఏ ప్రాంతపు కాలం కావాలో చెప్పకపోతే పీహెచ్‌పీ మామూలుగా ప్రమాణ కాలాన్నే చూపుతుంది. మాచర్లలో ఒక పాపాయి ఏప్రిల్ 4న తెల్లవారుజామున 4 గంటలకు పుట్టిందనుకోండి. ప్రమాణ కాలం ప్రకారం అప్పటికింకా ఏప్రిల్ 3, రాత్రి పదిన్నర! సెకన్ల లెక్కలో తప్పేమీ లేదు. అయినా కాగితం మీద పుట్టినరోజు ఒక రోజు ముందుకు జరిగిపోతుంది. రేపు పాపను బడిలో చేర్చేటప్పుడు, వయస్సు చూసి పరీక్షకు అనుమతించేటప్పుడు, ఆ ఒక్క రోజే అడ్డం రావచ్చు.

దీనికి మందు ఒక్క వరుసలో ఉన్నది: "ఆసియా/కోల్‌కతా" కాలం వాడమని సర్వర్‌కు ముందే చెప్పాలి. దేశమంతటికీ ఒకే కాలం గనక, మాచర్లకైనా ఆ పేరే సరిపోతుంది.

ఇక మీకొక లెక్క. ప్రపంచ ప్రమాణ కాలం 31-12-2024, 20:00 అయినప్పుడు గురజాలలో ఏ తేదీ, ఎంత సమయం? కింది వరుస చూడకుండా కాగితం మీద వేయండి.

జవాబు: 01-01-2025, 01:30. గురజాల పిల్లలు అప్పటికే కొత్త సంవత్సరంలో గంటన్నర గడిపారన్నమాట!