ఇండ్ల తనిఖీకి వేళ యేది?

చిన్న యిల్లు కట్టుకొను గృహస్థునకు కార్యాలయములచుట్టు తిరుగు శ్రమను తగ్గింపవలెనని ఇటీవలి సంవత్సరములలో ప్రభుత్వములు గావించిన యత్నములు ప్రశంసనీయములు. 2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వమువారు 2,500 చదరపు అడుగులకు మించని స్థలమున, 3,500 చదరపు అడుగులకు లోబడి కట్టు నివాసగృహములకు స్వయంధ్రువీకరణముపై తక్షణమే అనుమతి నొసగు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అనుమతికి ముందు స్థలపరీక్ష లేదు. కట్టడము ముగిసిన పిమ్మట ముగింపు ధ్రువపత్రముతోడను పని లేదు. చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో, జీవితకాలపు మిగులునంతయు ఒక చిన్న యింటిపై వెచ్చించువారు అనేకులు గలరు. కావున ఈ మార్పు మనకును సంబంధించినదే.

తెలంగాణ శాసనసభ 2020లోనే ఇట్టి చట్టమును చేసినది. 500 చదరపు మీటర్ల స్థలమును, 10 మీటర్ల ఎత్తును దాటని గృహములకు అచ్చట వెంటనే అనుమతి లభించును. యజమాని తెలిపినది అసత్యమని తేలినచో, అధికారులు 21 దినములలో ఆ యనుమతిని రద్దుచేయవచ్చును. అధికారికి గడువు విధించుట ఇందలి సుగుణము. గడువులేని అధికారము లంచమునకు పుట్టినిల్లు. అధికారి రాక ఆలస్యమైన ప్రతిదినమును గృహస్థునకు ఒకవంక బ్యాంకు వడ్డీ, ఒకవంక ఇంటి అద్దె తప్పవు. మేస్త్రీ వేరొక పనికి పోవును.

అయినను గడువు ఎన్నిదినములన్నది యెంత ముఖ్యమో, ఆ గడువు ఏ ఘట్టమునుండి లెక్కింపబడునన్నది అంతకంటె ముఖ్యము. అనుమతి యిచ్చిన 21 దినములలో వచ్చిన యధికారికి స్థలపు హద్దులు, వీథి వెడల్పు, విడువవలసిన ఖాళీస్థలము కనబడును. ఇంటి బలము కనబడదు. పునాదిలోని ఇనుమునకు కనీసము 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పుండవలెనని భారతీయ ప్రమాణములు విధించుచున్నవి. ఉప్పుగాలి వీచు ఈ సముద్రతీర నగరమున ఆ నియమము మరింత పాటింపదగినది. అది పాటింపబడినదా లేదా యని చూడవలసినది కడ్డీలు పరచిన పిమ్మట, కాంక్రీటు పోయుటకు ముందు. ఆ కొలదిదినములు దాటినచో ఎంతటి నిపుణుడు వచ్చినను చూచునది పైపూతయే.

2014 జూన్ 28న ఈ నగరపు పొలిమేరనున్న మౌలివాక్కములో నిర్మాణమందున్న పదునొకండంతస్తుల కట్టడము కూలి 61 మంది మరణించిరి. పొట్టచేతబట్టుకొని వచ్చిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల కూలీలు వారిలో అనేకులుండిరి. అది చిన్న యిల్లు కాదు, నిజమే. కాని కాంక్రీటు మూసివేసిన లోపము పెద్దకట్టడమునందైనను చిన్న కట్టడమునందైనను కంటికి కనబడదు.

కావున చిన్నయిండ్లకు తొలగించిన తనిఖీలను పునరుద్ధరింపుమని మేము కోరుట లేదు. ఉన్న సిబ్బందిని సరియైన వేళకు పంపుడని కోరుచున్నాము. పునాదికిని, పైకప్పునకును కాంక్రీటు పోయుటకు ముందు యజమాని తెలియపరుపవలెను. మూడు పనిదినములలో అధికారి రావలెను. వచ్చినచో తన ఆక్షేపణలన్నియు ఒకేమారు వ్రాసి యియ్యవలెను. రానిచో ఇంజనీరు ఛాయాచిత్రములతో దాఖలు చేసిన సంతకముపై పని సాగవలెను. రాకపోయిన కారణమును అధికారియే వ్రాతమూలకముగా తెలుపవలెను.

సిబ్బంది చాలరను ఆక్షేపణ రావచ్చును. అట్లయిన లైసెన్సుగల ఇంజనీర్లకు ఈ పని యప్పగింపవచ్చును. కాని కట్టువాడు ఏరుకొని, తానే జీతమిచ్చు పరీక్షకుడు నిర్భయముగా ఆక్షేపించునని నమ్మజాలము. అతనిని చీటివేసి నియమించుట, రుసుమును పురపాలకసంఘముద్వారా చెల్లించుట న్యాయము.

గోడ కూలిన పిమ్మట బాధ్యుడెవడని న్యాయస్థానమున ఏండ్లతరబడి వాదించుట మావంటి న్యాయవాదులకు జీవనోపాధి కావచ్చునుగాని, ఇల్లు పోయినవానికి ఊరట కాదు. అనుమతిని సులభము చేసిన ప్రభుత్వములు ఇకనైనను, చూడవలసినదానిని చూడవలసినవేళ చూచు నిబంధనను చేర్చునని ఆశించుచున్నాము.