మరలిరాని దినము

నేటి ములుగు జిల్లాలోని, వెనుకటి వరంగల్లు జిల్లాలోని పాలంపేటయందు వెలసిన రామప్పగుడికి ప్రపంచ వారసత్వ గౌరవము 2021 జూలై 25వ తేదీన లభించినది. ఆ మాసముననే ‘కుడి ఎడమైతే’ యను నేరపరిశోధన నాటకము ఎనిమిది భాగములుగా ‘ఆహా’ ద్వారా మన యిండ్ల టెలివిజన్లలోనికి వచ్చినది. పవన్‌కుమార్ దర్శకత్వమున వెలువడిన యీ కథలో దుర్గ యను పోలీసు అధికారిణియు, ఇంటింటికి డెలివరీ చేయు ఒక యువకుడును ఒకే దినమును మరల మరల గడపుదురు. మొదటి వార్తకు సంతసించిన పెద్దలే, రెండవదానిని చూచి ఆనందించు ఇంటివారిని మందలించుచున్నారు. ఈ మందలింపు తగదని నా వాదము.

వారి ఆక్షేపణలు మూడు: ఇట్టి కథ అబద్ధమట, పరదేశపు పైత్యమట, నేరములు నేర్పునట.

అబద్ధమే, కాదనువారెవరు? కాని రైవతుడు కూతురైన రేవతిని వెంటబెట్టుకొని బ్రహ్మసభకేగి, ముహూర్తకాలము నిలిచి అడుగులోపల భూలోకమున 27 మహాయుగములు గడచిపోయెనను భాగవతకథను భక్తితో వినువారికి, కాలము మెలిక తిరిగిన నాటకము మాత్రమే అబద్ధమై తోచుట వింత గాదా? పరదేశపుదనుటయు చెల్లదు. సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ వజ్రపు దొంగతనమును కాలయంత్రముతో ముడివేసి, ప్రేక్షకులను కృష్ణదేవరాయల కొలువునకు గొనిపోయినది 1991లో. బ్రిటిషువారి ‘లైఫ్ ఆన్ మార్స్’ 2006లోను, కొరియావారి ‘సిగ్నల్’ 2016లోను గాని రాలేదు.

ఇక మూడవది. సాధారణమైన నేరకథ శవము కనబడిన పిమ్మట మొదలగును. హంతకుడు పట్టుబడినను చచ్చినవాడు లేచిరాడు. కాలము వెనుకకు తిరుగు కథ అంతటితో తృప్తి చెందదు. ఎవడు చేసెనని అడిగి ఊరకుండక, ఏ ఘడియలో ఎవరు అడ్డుపడియుండిన ఇది జరుగకపోవునని అడుగును. ‘సిగ్నల్’లో నాటి పోలీసును నేటి పోలీసును ఒక పాత వైర్‌లెస్ యంత్రముద్వారా మాటలాడుకొందురు, అచ్చట ఒకరిని కాపాడిన, ఇచ్చట మఱియొకరి బ్రతుకు తారుమారగును. చేసిన పనికి ఫలమెంత దూరము ప్రాకునో చూపు కథ నేరము నేర్పునా, బాధ్యత నేర్పునా?

మఱియు నిందొక విశేషము గలదు. మరలివచ్చినది ఆ దినమే. ఆ తిథియే, ఆ నక్షత్రమే, ఆ వర్జ్యమే. మనుష్యుని నడత మాత్రము మాఱినది. దానితో ఫలితమును మాఱినది. కీడంతయు తలవ్రాతపై మోపి, దుర్ముహూర్తమున బయలుదేరుటచే ముప్పు వచ్చెనని చెప్పు మన యిండ్లలో, పంచాంగపు దాస్యమునకు ఇంతకన్న సులభమైన ఖండనము దొరకునా? పెద్దలకు రుచింపనిది ఇదియే యేమో!

అయినను ఆనందించువారిని సయితము ఒక ప్రశ్న యడుగవలసియున్నది. పాలంపేట గుడిని 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మింపజేసెను. ఎనిమిది శతాబ్దములు నిలిచిన అట్టి శిలపై ఒక యాత్రికుడు తాళపుచెవితో తన పేరు గీయునేని, 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము, 2010లో సవరింపబడిన మేరకు, రెండేండ్ల వఱకు చెఱయో, లక్ష రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. చెఱయు జుల్మానాయు ఆ శిలకు పూర్వపు నునుపు తేజాలవు. ప్రక్కన నిలిచి చూచుచు, మనకేలయని తప్పుకొన్నవారు రాత్రి యింటికి వచ్చి, తెరపై దుర్గకు మఱియొక అవకాశము చిక్కవలెనని తహతహలాడిన ఏమి ప్రయోజనము?

శిల మాట యటుండనిండు. పెండ్లిచూపులనాడే కట్నము బేరమాడిన వరునికి పిల్లనిచ్చి, పిమ్మట ఆమె కన్నీరు చూచి, ఆ దినము మరల వచ్చిన బాగుండునని వగచు తలిదండ్రులెందఱు! కట్నము నేరమని చట్టము 1961లోనే చెప్పినది. బేరము మొదలైననాడే దాని ఫలమేమో వారెఱుగరా? రేపటిని ముందుగా నెఱుగుటకు ప్రతి విషయమునను కాలయంత్రము పనిలేదు.

కావున సోదరీసోదరులారా, అట్టి నాటకములను నిస్సంకోచముగా చూడుడు, పిల్లలకును విడమరచి చెప్పుడు. పిమ్మట ఆపవలసిన ఘడియ మీ యెదుటికి వచ్చినపుడు లేచి ఆపుడు.